వినడానికి వచ్చిన ముఖ్య అతిథి

జెర్సీ సిటీలో మా ఫ్లాట్‌లో రెండో గది అద్దెకు తీసుకున్న అమ్మాయికి నోరు మూసుకుని లెక్క చేయడం చేతకాదు. ఈ సంగతి మొదటి వారంలోనే నాకు తెలిసిపోయింది. గోడ పల్చన. అవతల ఆమె పుస్తకం తెరిచిందంటే ఇవతల నాకు "ఏడెనిమిదుల యాభయ్యారు, ఆరు వేస్తే చేతిలో అయిదు" అని సన్నగా వినపడేది. నల్గొండ జిల్లాలో పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన పిల్ల. మనసులో లెక్క చేసుకుంటే వాళ్ల టీచరమ్మ ఒప్పుకునేది కాదట. నోటితో పలికితేనే చేసినట్టు. ఇప్పుడు చదివేది మాస్టర్స్, అదీ కృత్రిమ మేధ మీద. అయినా గుణకారం దగ్గరికి వచ్చేసరికి పెదాలు కదలాలి, ఎక్కం తెలుగులో రావాలి.

నాకు ఇది వింతగా అనిపించలేదు, ఎందుకంటే నేనూ అదే బాపతు. రెస్టారెంట్‌లో టిప్ లెక్క వేసేటప్పుడు ఇప్పటికీ తెలుగులోనే గొణుగుతాను. ఇన్నేళ్లలో ఇంగ్లీషులో కోపం తెచ్చుకోవడం బ్రహ్మాండంగా నేర్చుకున్నాను కానీ ఇంగ్లీషులో కూడిక మాత్రం రాలేదు. మాన్‌హటన్‌లో ఒక ఫైనాన్స్ కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. ఇతరుల పనిలో తప్పులు పట్టి జీతం తీసుకోవడం. మా ఇంట్లోవాళ్లు దీన్ని ఉద్యోగం అనరు, స్వభావం అంటారు. మావారికి నార్త్ కరోలినాలో, క్యారీ అనే ఊళ్లో పని, వీలున్నప్పుడు వచ్చిపోతుంటారు. ఒక్కదాన్నే ఎందుకని ఆ గది ఈ అమ్మాయికి ఇచ్చాను. చేరిన రోజునే నన్ను ఆంటీ అంది. అక్కా అనమ్మా, నాకేం అంత వయసు లేదు అన్నాను. "సరే ఆంటీ" అంది.

వసంతంలో మిడ్‌టర్మ్ పరీక్ష వచ్చింది. ఇంట్లో కూర్చుని రాసుకోవచ్చు, కానీ ల్యాప్‌టాప్ కెమెరా, మైకు తెరిచి ఉంచాలి. పరీక్షను కాపలా కాసేది మనిషి కాదు, ఒక సాఫ్ట్‌వేర్. విద్యార్థి కళ్లు ఎటు తిరుగుతున్నాయో, గదిలో ఏం వినపడుతోందో అది చూసుకుంటుంది. ఆ రోజు నేను ఆఫీసులో ఉన్నాను. ఇంట్లో ఆ పిల్ల, ఫ్రిజ్ చప్పుడు తప్ప ఇంకేమీ లేవు. లెక్కలన్నీ కాగితం మీద చేసి, ఫొటో తీసి పంపింది. అన్నీ కరెక్ట్.

రెండు రోజుల తర్వాత యూనివర్సిటీ నుంచి మెయిల్. పరీక్ష సాగినంత సేపూ ఆమె గదిలో మరో వ్యక్తితో గుర్తించలేని భాషలో సంభాషించినట్టు సాఫ్ట్‌వేర్ పట్టుకుందట. విచారణ కమిటీ ముందుకు రావాలి. కాపీ కొట్టినట్టు తేలితే సస్పెండ్ చేయవచ్చు. ఎఫ్-1 వీసా మీద ఉన్న పిల్లకు సస్పెన్షన్ అంటే ఏమిటో ఇక్కడ ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. చదువు ఆగితే వీసా ఆగుతుంది, వీసా ఆగితే పెట్టె సర్దుకోవాలి.

"నేనెవ్వల్తోని మాట్లాడలే ఆంటీ. నా అంతల నేనే లెక్క చేస్కున్న" అంది. వంటింటి గట్టును పట్టుకుని నిలబడి ఉంది. ఏడవడం లేదు, అందుకే నాకు ఎక్కువ భయం వేసింది.

ఇదెంత పని, ఆ రికార్డింగ్ తెలుగు వచ్చినవాళ్లు ఎవరు విన్నా నవ్వి వదిలేస్తారు అనుకున్నాను. అందులో ఏముందో నేనే ఇంగ్లీషులో రాసి ఇస్తానని మెయిల్ పెట్టించాను. స్నేహితుల అనువాదాలు చెల్లవని జవాబు వచ్చింది, పక్షపాతం ఉండవచ్చు కాబట్టి. ఏ పక్షమూ లేని అనువాదం కోసం వాళ్లు ఆ రికార్డింగ్‌ను ఇంకో మెషిన్‌కే ఇచ్చారు. అది ఎక్కాలన్నిటినీ అస్పష్టం అని వదిలేసి, ఒక్క "చేతిలో అయిదు" మాత్రం శుభ్రంగా అనువదించింది. దాంతో కమిటీ అదనంగా ఒక ప్రశ్న పంపింది: మీ చేతిలో ఉన్న ఆ అయిదు వస్తువులు ఏమిటి?

ఆ మెయిల్ చదివి నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

అయితే కమిటీ మర్యాదస్తుల కమిటీ. ఒక దారి కూడా చూపించింది. ఇలా పైకి పలుకుతూ లెక్క చేసే అలవాటు మీ భాషవాళ్లలో నిజంగా ఉందని గుర్తింపు పొందిన ఏదైనా సంస్థ పత్రాల్లో ఉంటే, దాన్ని సాక్ష్యంగా పరిశీలిస్తామంది. ఎక్కం పైకి చదవడం గురించి ఏ సంస్థ పత్రం రాస్తుంది? అన్నం చేత్తో తింటామని ఎవరైనా సర్టిఫికెట్ తీసుకుంటారా?

సరిగ్గా అప్పుడే మా తెలుగు అసోసియేషన్‌కు ఒక ఆహ్వానం లాంటిది వచ్చింది. పంపింది కృత్రిమ మేధకు ప్రపంచమంతటికీ పనికొచ్చే నియమాలు తయారు చేస్తున్న ఒక అంతర్జాతీయ మండలి. ఇప్పటిదాకా ఆ నియమాలను నాలుగైదు ధనిక దేశాలవాళ్లే కూర్చుని రాసుకుంటున్నారనీ, మెషిన్లకు సరిగా రాని భాషలవాళ్ల గొంతు అందులో లేదనీ వాళ్లకే తోచింది. అందుకని భాషకో సభ పెడుతున్నారు. మేం మాట్లాడటానికి రావడం లేదు, వినడానికి వస్తున్నాం అని ప్రత్యేకంగా రాశారు. మైకులో ఎవరేం చెప్పినా, చెప్పింది చెప్పినట్టు ఆ రోజే మండలి వెబ్‌సైట్‌లో అధికారిక రికార్డుగా పెడతారట.

తెలుగువాళ్ల గొంతు వినడానికి తెలుగువాళ్లు కోట్లలో ఉన్న చోటు వదిలి న్యూజెర్సీకి ఎందుకు వస్తున్నారని నేను అడగలేదు. నాకు తెలుసు. ప్రపంచం మొత్తాన్ని వినాలంటే ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి. ఆ ఎక్కడో ఒకచోటు సాధారణంగా వాళ్ల ఆఫీసుకు గంట దూరంలో, పార్కింగ్ ఉన్నచోట ఉంటుంది. పోనీ, మాకు కలిసొచ్చింది. సభ శనివారం, విచారణ ఆ తర్వాతి బుధవారం. ఈ పిల్ల మైకు ముందు మూడు నిమిషాలు మాట్లాడితే చాలు, కమిటీ అడిగిన పత్రం పుట్టేస్తుంది.

నేను అసోసియేషన్ ప్రోగ్రామ్ కమిటీలో ఉన్నాను. చేరానంటే చేరాను, ఒక దసరాకి ప్లేట్లు తక్కువయ్యాయని గట్టిగా అరిస్తే, ఇంత బాధ్యత ఉన్న మనిషి బయట ఉండకూడదని లోపలికి లాగారు. సభ ఏర్పాట్లకు వీడియో కాల్ పెట్టుకున్నాం. కృత్రిమ మేధ గురించి చర్చ తొందరగానే అయిపోయింది. ఆ తర్వాత అసలు విషయానికి వచ్చారు. మన దగ్గర అసోసియేషన్లు రెండు. ఒకటి మాది, ఇంకోటి మాలోంచి విడిపోయింది. విడిపోయింది మేమే అని వాళ్లంటారు. మండలి వాళ్లు తెలుగువాళ్లంతా ఒకే సభ పెట్టుకోండన్నారు కాబట్టి ఇద్దరం కలవాలి. బ్యానర్ మీద ఎవరి పేరు ముందు? బొకే ఎవరు ముందు ఇవ్వాలి? ప్రపంచ దేశాల మధ్య ఒప్పందం కుదర్చడానికి తిరుగుతున్న మనుషులు ఆ కాల్‌లో ఒక్క అరగంట కూర్చుని ఉంటే, తమ పని తేలికని సంతోషించేవాళ్లు.

చివరికి మా ప్రెసిడెంట్‌గారు అజెండా చదివారు. దీప ప్రజ్వలన, ప్రార్థన, పిల్లల నృత్యం, ఇద్దరు ప్రెసిడెంట్ల స్వాగతోపన్యాసాలు, ముఖ్య అతిథిగా వచ్చే మండలి డైరెక్టర్‌కు సన్మానం.

"ఆవిడ ముఖ్య అతిథి కాదండీ, వినడానికి వస్తున్నారు" అన్నాను.

"వింటారండీ మేడమ్. శాలువా కప్పుకుని వింటారు. అంత పెద్దావిడని పిలిచి ఉత్త కుర్చీలో కూర్చోబెట్టి మనం మాట్లాడతామా? ఎంత ఆడ్‌గా ఉంటుంది చెప్పండి!"

కాల్‌లో ఉన్నవాళ్లందరూ తలూపారు. పోట్లాడి పోట్లాడి, చివర్లో ఒక గంట ఓపెన్ మైక్ పెట్టించాను. ఆ గంటలో మొదటి పేరు మా అమ్మాయిది రాయించాను. ఆ రోజు నా మీద నాకే గౌరవం కలిగింది.

మేం ఆ మూడు నిమిషాలు ఇంట్లో సాధన చేశాం. ఇంగ్లీషులో చెప్తావా, తెలుగులోనా అంటే తెలుగులోనే అంది. "గదే గదా ఆంటీ పంచాయతి" అంది. సోఫా ముందు నిలబడి చెప్పేది. నేను ఇట్లా ఎక్కాలు నేర్చుకున్నాను, మా ఊళ్లో అందరం ఇట్లాగే నేర్చుకున్నాం, నా భాష తెలియని మెషిన్ నన్ను దొంగ అంది, తెలిసిన మనిషిని ఒక్కరిని పెట్టి వినమంటున్నాను. అంతే. మాటల్లో ఏడుపు లేదు, ఉపన్యాసం లేదు. తప్పులు పట్టే నాకే అందులో మార్చడానికి ఏమీ దొరకలేదు.

శనివారం మధ్యాహ్నం ఎడిసన్‌లో హాలు. రాసిన టైముకు వచ్చింది ముగ్గురే: మండలి డైరెక్టర్, ఆవిడ రికార్డింగ్ చేసే కుర్రాడు, సమోసాలవాళ్ల వ్యాన్. డైరెక్టర్ పొడుగాటి మనిషి, నెరిసిన జుట్టు, మెత్తటి గొంతు. నోట్స్ రాసుకోవడానికి కొత్త పుస్తకం, రెండు పెన్నులు తెచ్చుకుంది. మూడో వరసలో కూర్చోబోతుంటే మా వాలంటీర్లు ఆవిడను మర్యాదగా లేవదీసి వేదిక మీదికి నడిపించారు. అక్కడినుంచి జనం కనపడతారు కానీ జనం మాట వినపడదు.

హాల్లో నిప్పు వెలిగించకూడదన్న రూలు వల్ల మా దీపం బ్యాటరీ దీపం. ఆవిడ చేత స్విచ్ నొక్కించారు. మొదటిసారి వెలగలేదు. బ్యాటరీలు తిరగేశారు. తర్వాత ప్రార్థన, తర్వాత నృత్యం. ఆ పిల్లలు నదుల కాలుష్యం మీద ఎప్పుడో నేర్చుకున్న నృత్యాన్నే ఈసారి సాంకేతికత అని పేరు మార్చి ఆడారు. చివర్లో అందరూ నేల మీద పడిపోయారు. అది నది చచ్చిపోవడమో, డేటా సెంటర్ రావడమో నాకు ఇప్పటికీ తెలియదు. డైరెక్టర్ చాలాసేపు చప్పట్లు కొట్టింది.

మా ప్రెసిడెంట్ మాట్లాడారు. అవతలి ప్రెసిడెంట్ అంతే సేపు మాట్లాడారు. భోజనాల ఖర్చు పెట్టుకున్న, ఇళ్లు అమ్మిపెట్టే రియల్టర్‌గారు రెండు మాటలని లేచి టౌన్‌హౌస్‌ల గురించి చెప్పారు. తర్వాత డైరెక్టర్ జీవిత విశేషాలు ఆవిడకే చదివి వినిపించారు. మేమొక శాలువా కప్పాం. వాళ్లొక శాలువా కప్పారు. ఏసీ చాలని హాల్లో రెండు శాలువాలు కప్పుకుని, ఒడిలో రెండు మెమెంటోలు పెట్టుకుని, ఆవిడ చెమట తుడుచుకుంటూ నవ్వుతోంది. నోట్స్ పుస్తకం ఎక్కడో బొకేల కింద పడిపోయింది.

ముఖ్య అతిథి సందేశం ఇవ్వాలన్నారు. ఆవిడ మైకు దగ్గరికి వచ్చి, "నేను మాట్లాడటానికి రాలేదు, మిమ్మల్ని వినడానికి వచ్చాను" అంది. హాలంతా చప్పట్లు. అంత బాగా ఆ రోజు ఏ మాటకూ కొట్టలేదు. ఆ తర్వాత ఆవిడ చేత ఇరవై నిమిషాలు మాట్లాడించాం.

నేను వేదిక పక్కన నిలబడి ప్రెసిడెంట్‌గారికి గడియారం చూపిస్తున్నాను. అయిదింటికి హాలు ఖాళీ చేయాలి. ఆ తర్వాత ఒక గుజరాతీ పెళ్లివారి సంగీత్ ఉంది. వాళ్ల డీజే అప్పటికే స్పీకర్లు తెచ్చి గుమ్మంలో పెట్టుకున్నాడు. "అయిపోయింది మేడమ్, ఇదే ఆఖరు" అని ప్రెసిడెంట్‌గారు నాలుగు ఐటెమ్‌ల నుంచీ అంటున్నారు. ఓపెన్ మైక్ మొదలయ్యేటప్పటికి గంట కాస్తా పావుగంట అయింది. ఫర్వాలేదు, మాకు కావలసింది మూడు నిమిషాలు.

ఆ అమ్మాయి పేరు నేనే పిలిచాను. లేచి, చున్నీ సర్దుకుని, నడవాలో ఉన్న మైకు దగ్గరికి వచ్చింది. అప్పుడే మొదటి వరసలోంచి ఒక పెద్దాయన లేచారు. "ప్రశ్న కాదమ్మా, చిన్న సూచన" అంటూ చెయ్యి చాచారు. ఆ పిల్ల ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. మైకు ఆయన చేతికి ఇచ్చి, చేతులు కట్టుకుని పక్కకు జరిగింది.

దీనికి ఆమెను ఏమనగలను? పెద్దవాళ్లు లేస్తే చిన్నవాళ్లు జరగాలి. ఎక్కాలు నేర్పిన బడిలోనే ఇదీ నేర్పారు. ప్రపంచంలో ఏ మెషిన్‌కూ తెలియని మా మర్యాద ఇది. ఆ పెద్దాయన చిన్న సూచన మన ప్రాచీనుల దగ్గర మొదలై, విమానాల మీదుగా వచ్చి, కృత్రిమ మేధ మనకు కొత్తేమీ కాదన్న చోట ఆగింది. ఆయన వెనక ఒక వరస తయారైంది. ఆ వరసలో అందరూ తల్లిదండ్రులే. ఒకాయన అడిగారు: "మేడమ్, మా బాబు టెన్త్ గ్రేడ్. ఏఐ వచ్చాక ఏ మేజర్ సేఫ్?" ఆయన వెనక నిలబడ్డ ఒకావిడ అడిగారు: మా పాప ఎలెవెన్త్ గ్రేడ్, కంప్యూటర్ సైన్సా, బయాలజీయా? ప్రపంచానికి నియమాలు రాసే మనిషి దొరికితే మావాళ్లు అడిగింది కాలేజీ కౌన్సెలింగ్. డైరెక్టర్ పాపం ఒక్కొక్కరికీ ఓపిగ్గా జవాబు చెప్పింది.

నేను జనంలోంచి దూరి ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లాను. "ఫస్ట్ పేరు నీదే కదే, లాక్కుని మాట్లాడు!" అని చెవిలో అన్నాను.

"అందరు పెద్దోల్లే ఉన్నరు ఆంటీ. నడ్మల ఎట్ల గుంజుకుంటం?" అంది. "ఇంకొక్కలు అయిపోతే నేనే."

ఆ ఒక్కరు అయిపోయారు. ప్రెసిడెంట్‌గారు మైకు తీసుకుని వందన సమర్పణ మొదలుపెట్టారు. హాలు ఇచ్చినవారికి, సౌండ్ పెట్టినవారికి, సమోసాలవారికి, బ్యానర్ వేసినవారికి, సభకు వచ్చి తమ గొంతు ప్రపంచానికి వినిపించిన ప్రతి ఒక్కరికీ పేరు పేరునా. డీజే లోపలికి వచ్చేశాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. రికార్డింగ్ కుర్రాడి దగ్గరికి పరుగెత్తాను. అప్పటికే వైర్లు చుట్టి బ్యాగులో పెట్టేశాడు. డైరెక్టర్ భోజనాల దగ్గర ఉంది. ఒక చేతిలో మిర్చి బజ్జీ ప్లేటు, ఇంకో చేతిలో మెమెంటో. నేను ఆ అమ్మాయిని చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి ఆవిడ ముందు నిలబెట్టాను. అమ్మాయి చెప్పింది, ఈసారి ఇంగ్లీషులో. సాధన చేసిందంతా చెప్పింది. డైరెక్టర్ ప్లేటు పక్కన పెట్టేసింది. ఆవిడ కళ్లు తడయ్యాయి, అది బజ్జీ వల్ల కాదు. మేము ఊరూరా తిరుగుతున్నది సరిగ్గా ఈ మాట వినడానికే అంది.

"అయితే రికార్డులో పెడతారా?" అని నేను అడిగాను.

ఆవిడ ముఖం నిజంగానే వాడిపోయింది. మైకులో చెప్పినవే రికార్డులోకి తీసుకోగలమంది. భోజనాల దగ్గర విన్నవి రాసుకుంటే ఎవరు ఎవరికి ఏం చెప్పారో తేలదు, అందరికీ ఒకే న్యాయం ఉండాలి కదా అంది. వేసవి అయ్యాక రాతపూర్వక అభిప్రాయాలు తీసుకుంటామని, తప్పకుండా పంపమని కార్డు ఇచ్చింది. బుధవారానికి ఆ కార్డు దేనికి పనికొస్తుంది? అయినా ఆ మనిషిని తిట్టడానికి నాకు మనసు రాలేదు. ఆవిడను వినడానికి రానిచ్చింది మేము, విననివ్వనిదీ మేమే.

తిరుగు ప్రయాణంలో కార్‌లో నేను అందరినీ తిట్టాను. రెండు అసోసియేషన్లనూ సమానంగా తిట్టాను. పక్క సీట్లో ఆ అమ్మాయి కిటికీలోంచి చూస్తోంది.

"ఆమె మంచిగనే విన్నది ఆంటీ" అంది.

"విని ఏం చేసుకుంటాం?"

"ఎవలన్న ఒక్కలు విన్నరు గదా."

బుధవారం నేను సెలవు పెట్టి తోడు వెళ్లాను. విద్యార్థి వెంట ఒకరు రావచ్చు, కానీ ఆ వచ్చినవాళ్లు లోపల నోరు విప్పకూడదు. ఈ నియమం ఎవరు పెట్టారో గానీ నన్ను చూసే పెట్టి ఉంటారు. కమిటీలో ముగ్గురు ప్రొఫెసర్లు. మంచినీళ్లు ఇచ్చారు, ఎలా వచ్చారు, ట్రాఫిక్ ఉందా అని అడిగారు. అధ్యక్షుడు బట్టతల ఆయన, చాలా నెమ్మదస్తుడు. పత్రం ఏమైనా తెచ్చావా అంటే లేదంది. అయితే మాకే చూపించమన్నాడు ఆయన. బోర్డు మీద ఒక లెక్క ఇస్తాం, పరీక్షలో చేసినట్టే చెయ్యి, ఆ అలవాటు ఎలా ఉంటుందో మేమే చూస్తాం.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంతకంటే న్యాయం ఏం కావాలి? మెషిన్ కాదు, ముగ్గురు మనుషులు, కళ్లెదురుగా. ఇప్పుడు ఆ పెదాలు కదులుతాయి, ఎక్కం వినపడుతుంది, అందరం నవ్వుకుని ఇంటికి వెళ్లిపోతాం.

ఆమె మార్కర్ తీసుకుంది. లెక్క రాసుకుంది. గుణకారం వచ్చింది, పెదాలు కదల్లేదు. కూడిక వచ్చింది, కదల్లేదు. దవడ బిగుసుకుని ఉంది. మెడ నరం ఉబ్బి కనపడుతోంది. ఒక్క చప్పుడు లేకుండా బోర్డు చివరిదాకా చేసి, జవాబు కింద గీత గీసింది. జవాబు కరెక్ట్.

అప్పుడు వెలిగింది నాకు. ఈ మధ్య మా గోడ అవతల ఏమీ వినపడటం లేదు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చదువుతోంది అనుకున్నాను. ఆ మెయిల్ వచ్చిన రోజు నుంచీ ఆ పిల్ల పళ్ల మధ్య పెన్ను మూత కరిచిపట్టుకుని లెక్కలు చేస్తోంది. ఇంకోసారి పట్టుబడకూడదని నోరు మూసుకోవడం నేర్చుకుంది. చదువులో ఏదైనా తొందరగా పట్టేసే పిల్ల, ఇదీ పట్టేసింది. కారు ఎక్కాక తనే చెప్పింది.

అధ్యక్షుడు బోర్డు వైపు చూశాడు. "మాట్లాడకుండా కూడా చక్కగా చేయగలవన్నమాట" అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు.

"భయంతో మాట్లాడలేదు సర్" అంది.

ఆయన అది రాసుకున్నాడు. ఏమని రాసుకున్నాడో తెలియదు. నేను కుర్చీ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. నా జీవితంలో అంత సేపు నోరు మూసుకున్నది అదే.

తీర్పు దయగానే వచ్చింది. సస్పెన్షన్ లేదు. ఆ పరీక్షకు సున్నా, ఆ కోర్సు మళ్లీ చదవాలి. వీసాకు ఢోకా లేదు. బతికిపోయావన్నారు అందరూ. నేనూ అన్నాను. దొంగతనం చేయని పిల్లకు చిన్న శిక్షతో సరిపోయినందుకు ఆ రోజు ఇంట్లో సేమ్యా పాయసం కూడా చేశాను.

కొన్నాళ్లకు మండలి నివేదిక వచ్చింది. మా ప్రెసిడెంట్‌గారు వాట్సాప్ గ్రూప్‌లో పెట్టి దండాల బొమ్మలు వరసగా కొట్టారు. తెలుగు సమాజం అన్న శీర్షిక కింద రెండు శాలువాల్లో డైరెక్టర్ ఫొటో. విస్తృతమైన, ఉత్సాహపూరితమైన భాగస్వామ్యం లభించిందని రాశారు. ఈ సమాజానికి కృత్రిమ మేధతో ఉన్న ప్రధాన ఆందోళన పిల్లల ఉన్నత విద్య ఎంపిక అని రాశారు. ఎంత వెతికినా అందులో ఒక్క అబద్ధం దొరకలేదు. తప్పులు పట్టడం వృత్తిగా ఉన్నదాన్ని, మూడుసార్లు చదివాను. ఈ సభ చూసి డబ్లిన్ తెలుగువాళ్లు, క్యారీ తెలుగువాళ్లు కూడా ఇలాంటిది పెడతామని అడుగుతున్నారని, మన అజెండానే పంపించానని ప్రెసిడెంట్‌గారు కింద రాశారు.

చలి మొదలయ్యే రోజుల్లో ఆ కోర్సు పరీక్ష మళ్లీ వచ్చింది. అదే కెమెరా, అదే మైకు, అదే సాఫ్ట్‌వేర్. ఆ రోజు నేను ఇంటి నుంచే పని చేస్తున్నాను. పక్క గదిలో ఆమె ఉందని తెలుసు కాబట్టి తెలుసు, లేకపోతే ఎవరూ లేరనుకోవచ్చు. చెవి గోడకు పెట్టి కూర్చున్నాను. కాగితం తిప్పిన చప్పుడు తప్ప ఏమీ లేదు.

తలుపు తీసుకుని బయటికి వచ్చింది. ముఖం వెలిగిపోతోంది. ఫోన్ నా ముందు పెట్టింది. పరీక్ష ప్రశాంతంగా ముగిసింది, అనుమానించదగినది ఏదీ కనపడలేదు అని ఆకుపచ్చ అక్షరాల్లో ఉంది.

"చూసినవా ఆంటీ, ఏం ఫ్లాగ్ చెయ్యలే!"

"పరీక్ష ఎలా రాశావే?"

"రెండు లెక్కలు తప్పువోయినయ్. గుణకారంలనే పోయినయ్" అంది తేలిగ్గా. "పోనీ తియ్ ఆంటీ. చప్పుడు రాలే, గంతే చాలు."

మంచిదమ్మా అన్నాను. ఆమె సంతోషం చూసి సంతోషపడ్డాను, అది నిజం. ఎవరినైనా పట్టుకుని చెంప మీద ఒక్కటి కొట్టాలనిపించింది, అదీ నిజం. ఎవరిని కొట్టాలో తెలియక, లేచి ఇద్దరికీ టీ పెట్టాను.